హెచ్‌పీ అంటే ఏంటమ్మా?

స్క్వాడ్‌లో ఆడేవాళ్ళందరికీ ఇది అనుభవమే. నలుగురిలో ఒకడి మైక్ ఉన్నట్టుండి మూగబోతుంది. ముందు వాడి నెట్‌ని తిడతాం. తర్వాత వాడినే తిడతాం. వాడు ఎలా ఉన్నాడో అడగాలని మాత్రం చాలాసేపటిదాకా ఎవరికీ తోచదు.

మా తమ్ముడు బంటిగాడి మైక్ 2024 జూన్‌లో ఆగిపోయింది. నెట్ తప్పేం లేదు. పదో తరగతి అయిపోగానే వాడిని విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. అక్కడ ఫోన్ ఉండకూడదు. వారానికోసారి హాస్టల్ ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు, అదీ వెనకాల పదిమంది క్యూలో నిలబడి వింటుండగా.

మాది తెనాలి. నేను హైదరాబాద్‌లో యాప్‌లు టెస్ట్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. వాడికీ నాకూ పదేళ్ళు తేడా. నిజం చెప్పాలంటే మా మధ్య మాటలన్నీ గేమ్‌లోనే. 2020 లాక్‌డౌన్‌లో నాన్న ఫోన్‌లో పబ్‌జీ మొబైల్‌తో మొదలైంది. ఆ సెప్టెంబర్‌లో ప్రభుత్వం దాన్ని నిషేధించిన రోజు వాడు అన్నం తినలేదు. 2021 జులైలో అదే బీజీఎంఐ పేరుతో వచ్చినప్పుడు నాకన్నా ముందు వాడే డౌన్‌లోడ్ చేశాడు. "అక్కా, కవర్ ఇవ్వు." "అక్కా, వెనకాల ఉన్నాడు." "అక్కా, రివైవ్ చెయ్." మా నాలుగేళ్ళ సంభాషణంతా ఈ మూడు ముక్కల్లో వచ్చేస్తుంది.

ఫోన్ పోయాక మాకు మాటలు రాలేదు. "బాగున్నావారా?" "ఊఁ." "తిన్నావా?" "ఊఁ." "చదువు ఎలా ఉంది?" అంటే ఆ "ఊఁ" కూడా లేదు.

గేమ్ ఎలాగూ ఆ గేటు దాటి లోపలికి పోదు. కాగితం పోతుంది కదా అనిపించింది. అలా మొదలైంది ఈ వెబ్‌కామిక్స్ కథ. గేమ్ పిచ్చి ఉన్నవాళ్ళకి నచ్చే కొన్ని కామిక్స్ గురించి చెబుదామనే ఇది రాస్తున్నాను. కానీ మా బంటిగాడి సంగతి చెప్పకుండా వాటి గురించి చెప్పడం నాకు చేతకావడం లేదు.

అమీర్‌పేట జిరాక్స్ షాపు

మొదటిసారి తీసుకెళ్ళింది ఎక్స్‌కేసీడీ. పేరు ఎలా పలకాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి, అక్షరాలు విడివిడిగా చదివితే చాలు. నాసాలో పనిచేసిన ర్యాండల్ మన్రో 2005 నుంచి వేస్తున్నాడు. వారానికి మూడు. మనుషులకి కళ్ళూ ముక్కూ ఉండవు, అగ్గిపుల్లల్లా గీసేస్తాడు. లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్లు, ప్రేమ, అన్నీ కలిపి కొడతాడు. లాభం కోసం కాకుండా, పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చని ఆయనే లైసెన్స్ ఇచ్చాడు కాబట్టి నిశ్చింతగా ప్రింట్ తీశాను.

అమీర్‌పేట జిరాక్స్ షాపు ఎలా ఉంటుందో తెలుసుగా. జావా మెటీరియల్, పైథాన్ మెటీరియల్, గోడ ఎత్తున కట్టలు. అక్కడి అన్న నా కాగితాలు తిప్పి చూసి, "ఇదేం కోర్సు మేడమ్?" అన్నాడు. "క్రాష్ కోర్సు" అన్నాను.

ఫోన్‌లో చదివేవాళ్ళకి ఒక చిట్కా. ఎక్స్‌కేసీడీలో బొమ్మతో జోకు అయిపోదు. కంప్యూటర్‌లో అయితే బొమ్మ మీద మౌస్ పెడితే ఇంకో వాక్యం కనిపిస్తుంది. మొబైల్ పేజీలో దాన్ని ట్యాప్ చేసి చూడాలి. చాలాసార్లు అసలు పంచ్ అక్కడే దాక్కుని ఉంటుంది. గేమ్‌లో సీక్రెట్ రూమ్ లాగా.

ఓపెన్ వరల్డ్ గేములు ఇష్టమైతే 2012లో వచ్చిన 'క్లిక్ అండ్ డ్రాగ్' చూడండి. కిటికీ అంత చోటులో ఒక బొమ్మ. వేలితో జరిపితే పక్కన ఇంకా ఉంటుంది. ఇంకా జరిపితే ఇంకా ఉంటుంది. మ్యాప్ అంచు ఎక్కడుందో వెతుకుతూ నేనొక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నాను. ఇక 2013లో వచ్చిన 'టైమ్' మరీ విచిత్రం. సముద్రం ఒడ్డున ఇద్దరు ఇసుకతో కోట కడుతుంటారు. ఆ ఒక్క బొమ్మే మొదట అరగంటకోసారి, తర్వాత గంటకోసారి మారుతూ నాలుగు నెలలు నడిచింది. మొత్తం 3,099 ఫ్రేములు. మరుసటి ఏడాది దానికి హ్యూగో అవార్డు వచ్చింది.

ఆ ఆదివారం హాస్టల్ బయట వేపచెట్టు కింద కూర్చుని బంటిగాడు ఆ కాగితాలు చదివాడు. ఫిజిక్స్ జోకు దగ్గర "హహ" అన్నాడు. రెండు నెలల తర్వాత నేను విన్న మొదటి "హహ" అది.

అగ్గిపుల్లల సైన్యం

రెండోసారి 'ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్' తీసుకెళ్ళాను. రిచ్ బర్లూ అనే ఆయన 2003లో మొదలుపెట్టాడు. ఇందులోనూ మనుషులు అగ్గిపుల్లలే. కానీ కథ మాత్రం వందల పేజీల ఇతిహాసం. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని పాచికలేసి ఆడే పాత ఆట ఒకటుంది. మనం ఇవాళ ఆడే ఆర్‌పీజీలన్నిటికీ అది తాతయ్య లాంటిది. ఆ ఆట లోపల బతికే ఆరుగురి కథ ఇది. తాము ఆటలో ఉన్నామని, తమకి రూల్స్ ఉన్నాయని ఆ ఆరుగురికీ తెలుసు! మొదటి పేజీలోనే ఆట రూల్స్ కొత్త ఎడిషన్‌కి మారతాయి. వీళ్ళ సామర్థ్యాలు మనిషిని బట్టి అక్కడికక్కడే మారిపోతాయి. అప్‌డేట్ వచ్చిన మర్నాడు మన ఫేవరెట్ గన్ దెబ్బ తగ్గిపోతే ఎలా ఉంటుందో, అలా.

మొదట్లో అన్నీ జోకులే. వందో పేజీ దాటాక చూస్తే వీళ్ళ గురించి మనకి బెంగ మొదలై ఉంటుంది. నాయకుడు రాయ్ ఏమవుతాడు, పాటలు పాడే అమాయకుడు ఎలాన్ ఏమవుతాడు అని. కళ్ళంటే చుక్కలు, చేతులంటే గీతలు. అయినా ఏడిపిస్తాడు మహానుభావుడు.

అభిమానులు ఎంత గట్టివాళ్ళంటే, 2012లో అచ్చు అయిపోయిన పుస్తకాలు మళ్ళీ వెయ్యడానికి ఆయన కిక్‌స్టార్టర్‌లో 57,750 డాలర్లు అడిగితే 12 లక్షల డాలర్ల పైన ఇచ్చారు. ఉచితంగా చదవగలిగే కామిక్‌కి!

బంటిగాడికి ఇందులో బాగా నచ్చింది గొంతు లేకుండా నవ్వించడం. "అక్కా, వీడికి నోరు ఒక్క గీతే. కానీ కోపం, సిగ్గు అన్నీ తెలిసిపోతున్నాయి చూడు" అన్నాడు. ఆ మాట తర్వాత పనికొచ్చింది.

కాగితం మీద ఇమడని కామిక్

మూడో నెల వాడే అడిగాడు. "అక్కా, సోలో లెవెలింగ్ తేవా?"

పదో తరగతి చదువుతుండగా, 2024 జనవరిలో దాని యానిమే మొదలైంది. వాడు సగంలో ఆపేసి హాస్టల్‌కి వచ్చాడు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చుగాంగ్ అనే కొరియన్ రచయిత వెబ్ నవలగా రాశాడు. 2018లో దుబు అనే కలంపేరున్న చిత్రకారుడి బొమ్మలతో వెబ్‌టూన్‌గా మొదలైంది. హీరో జిన్‌వూ వేటగాళ్ళందరిలో అట్టడుగువాడు, ఈ ర్యాంక్. తల్లి ఆసుపత్రిలో ఉంటుంది. చావు అంచుదాకా వెళ్ళొచ్చాక వాడికి మాత్రమే కనబడే ఒక గేమ్ కిటికీ కళ్ళ ముందు తెరుచుకుంటుంది. రోజూ క్వెస్ట్: 100 పుషప్స్, 100 సిటప్స్, 100 స్క్వాట్స్, 10 కిలోమీటర్ల పరుగు. ఎగ్గొడితే శిక్ష. చేస్తే లెవెల్ పెరుగుతుంది. గేమ్ ఆడేవాడికి ఇంతకన్నా తియ్యటి కల ఏముంటుంది? నువ్వు పడ్డ కష్టానికి అంకె పెరగడం కళ్ళతో చూడటం!

దీన్ని ప్రింట్ తీద్దామంటే కుదరలేదు. మొదటి అడ్డం, యాప్‌లో డబ్బు కట్టి చదివేదాన్ని కాపీ కొట్టడం నాకు ఇష్టం లేదు. రెండోది, ఇది పేజీల్లో గీసింది కాదు, ఫోన్ కోసం గీసింది. కిందికి ఒకటే పొడుగు పట్టీ. బొమ్మకీ బొమ్మకీ మధ్య తెల్లటి ఖాళీ ఉంటుంది చూశారా, అది వృథా చోటు కాదు, సమయం. ఖాళీ పెరిగితే గుండె దడ పెరుగుతుంది. రాక్షసుడి కాలు ముందు కనబడి, మన బొటనవేలు కిందికి తోస్తే గానీ తల కనబడదు. అంటే సినిమాలో ఎడిటర్ చేసే పని ఇక్కడ సగం మన వేలే చేస్తుంది. దాన్ని ఏ4 కాగితాల మీద ముక్కలు చేస్తే కత్తి ఒక కాగితంలో, చెయ్యి ఇంకో కాగితంలో పడుతుంది.

అందుకని నేను బస్సులో చదువుకుని వెళ్ళి, వేపచెట్టు కింద వాడికి కథ నోటితో చెప్పాను. చేతులూపుతూ, సౌండ్ ఎఫెక్టులతో. పక్కన వేరే పిల్లల అమ్మానాన్నలు డబ్బాల్లో పులిహోర పెడుతూ నా వంక వింతగా చూశారు. ఐదు నిమిషాలకి ఇంకో ముగ్గురు పిల్లలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆరు అయ్యేసరికి వాచ్‌మన్ కూడా, "తర్వాతేమైందమ్మా?" అన్నాడు.

దుబు గురించి వాళ్ళకి చెప్పలేదు, మీకు చెప్పాలి. ఆయన 2022 జులైలో, 37 ఏళ్ళకే చనిపోయారు. ఆ కథ యానిమేగా మారి ప్రపంచమంతా తిరగడం ఆయన చూడలేదు. దొంగ సైట్లలో ఫ్రీగా చదివేటప్పుడు ఒక్కసారి ఇది గుర్తు పెట్టుకోండి. వారం వారం రంగుల్లో అన్ని బొమ్మలు గీయడం మామూలు చాకిరీ కాదు. సొంత యాప్‌లలో మొదటి ఎపిసోడ్లు ఉచితంగానే ఉంటాయి. నచ్చితే మిగతావి కొనండి. ఒక గన్ స్కిన్‌కి పెట్టే డబ్బులో సగం కూడా కాదు.

గ్రాఫ్ పేపర్ మీద పిక్సెల్స్

నాలుగోసారి తీసుకెళ్ళినది 'ఎయిట్-బిట్ థియేటర్'. బ్రయాన్ క్లెవింజర్ 2001 నుంచి 2010 దాకా నడిపాడు. బొమ్మలు గీయడం రాకపోయినా కామిక్ చెయ్యొచ్చని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. 1987 నాటి 'ఫైనల్ ఫాంటసీ' మొదటి గేమ్‌లోని గళ్ళ బొమ్మల్నే తీసుకుని, వాటికి డైలాగులు పెట్టాడు. లోకాన్ని కాపాడాల్సిన నలుగురు వీరులు. ఒకడు బుర్ర లేని యోధుడు, ఒకడు దొంగ, ఒకడు రూల్స్ పిచ్చోడు, ఇంకొకడు అందరినీ చంపేద్దామనే మాంత్రికుడు. మీ స్క్వాడే, పేర్లు మార్చుకోండి అంతే.

బంటిగాడు ఆ బొమ్మల్ని చాలాసేపు చూశాడు. గళ్ళు లెక్కపెట్టాడు. "అక్కా, ఇది గ్రాఫ్ షీట్‌లో వస్తుంది కదా" అన్నాడు.

తర్వాతి నెల నేను వెళ్ళేసరికి వాడి చేతిలో మడతపెట్టిన గ్రాఫ్ షీట్లు ఆరు ఉన్నాయి. మ్యాథ్స్ రికార్డ్‌వి. "బస్సులో చదువు. ఇక్కడ వద్దు" అన్నాడు.

రాత్రి బస్సులో, ఫోన్ టార్చ్ వేసుకుని చదివాను. ఒక్కో గడికీ నీలం పెన్నుతో రంగు నింపి గీశాడు. హీరో పేరు 'లెవెల్ 1 స్టూడెంట్'. డంజన్ పేరు 'స్టడీ అవర్'. ప్రతి ఆదివారం పొద్దున బాస్ వస్తాడు, వాడి పేరు 'వీక్లీ టెస్ట్'. ఓడిపోతే హీరోని కింది సెక్షన్‌లోకి విసిరేస్తారు. ఆ సెక్షన్ తలుపు మీద గీసిన పుర్రె బొమ్మ చూసి నవ్వాను. పక్క సీటు ఆవిడ నిద్ర లేచి చూసింది.

ఐదో షీట్ నుంచి నవ్వు రాలేదు. హీరో స్క్వాడ్‌లో మిగతావాళ్ళు ఒక్కొక్కరే మాయమవుతారు. ఒకడు ఇంటికెళ్ళిపోయాడు. ఒకడు మాట్లాడటం మానేశాడు. ఆరో షీట్‌లో ఒకటే పెట్టె. హీరో మంచం మీద పడుకుని సీలింగ్ చూస్తుంటాడు. నోరు ఒక్క గీత. పక్కన స్టేటస్ కిటికీ:

హెచ్‌పీ: 3/100.
పోషన్లు: 0.
నిద్ర: లాక్ చేయబడింది.
క్విట్ బటన్: లేదు.

బస్సు సూర్యాపేట దాటిందో లేదో నాకు తెలీదు. మూడు నెలలుగా వాడు నవ్వుతున్నాడు కదా, బాగానే ఉన్నాడనుకున్నాను. నేను తెచ్చిన కామిక్స్ చూసి నవ్వాడు, నిజమే. ఆ నవ్వే వాడి పరిస్థితని నాకు కనబడకుండా దాచింది. "అక్కా, రివైవ్ చెయ్" అనడానికి వాడికి మైక్ లేదు. అందుకని ఆరు షీట్లు గీశాడు.

నాన్న, బేతాళుడు

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున్నే ఇంకో బస్సెక్కి తెనాలి వెళ్ళాను. నాన్న ముందే తెలిసినట్టు, "ఫీజు మొత్తం కట్టేశానమ్మా. మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది, అలవాటైపోతుంది" అన్నారు. నేను వాదించలేదు. గ్రాఫ్ షీట్లు చేతిలో పెట్టాను.

నాన్నకి గేమ్స్ తెలీవు. కానీ చందమామలు తెలుసు. ఇంట్లో ఇప్పటికీ బైండ్ చేయించినవి ఉన్నాయి. శంకర్ గారు గీసిన బేతాళ కథ బొమ్మ, ఆ కత్తి, భుజం మీద శవం, మా ఇంట్లో అందరికీ కంఠతా. చిన్నప్పుడు బంటిగాడికి గేమ్‌లో రీస్పాన్ అంటే ఏంటో నాన్నకి చెప్పడానికి నేను వాడిన ఉదాహరణ కూడా అదే. విక్రమార్కుడు నోరు తెరిచాడా, మళ్ళీ చెట్టు దగ్గర మొదలు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొదటి షీట్ నుంచి మెల్లిగా చూశారు. పుర్రె దగ్గర ఆయనా నవ్వారు. ఆరో షీట్ దగ్గర ఆగిపోయారు.

"హెచ్‌పీ అంటే ఏంటమ్మా?"

"ప్రాణం, నాన్నా."

ఆ షీట్ అలా పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దే చప్పుడు ఆగింది. తర్వాత నాన్న లేచి చొక్కా వేసుకుని, "విజయవాడ బండి ఎన్నింటికి?" అన్నారు.

ఫీజులో సగం కూడా వెనక్కి రాలేదు. ఆ విషయం ఇంట్లో కొన్నాళ్ళు నలిగింది. బంటిగాడు ఇప్పుడు తెనాలిలోనే రోజూ ఇంటి నుంచి వెళ్ళొచ్చే కాలేజీలో చదువుతున్నాడు. ఉన్నట్టుండి ఫస్ట్ ర్యాంకేమీ రాలేదు. కెమిస్ట్రీ ఇప్పటికీ వాడికి బాస్ ఫైటే. మొదట్లో రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేవాడు. అమ్మ గుంటూరులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇప్పుడు నిద్రపోతున్నాడు. గేమ్ ఆడటం కూడా తగ్గింది, ఎవరూ ఆపకుండానే. గ్రాఫ్ షీట్లకే టైమ్ సరిపోవడం లేదట.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

టైమ్ లేదు, బస్‌స్టాప్‌లో రెండు నిమిషాలు దొరికాయి అంటే ఎక్స్‌కేసీడీ. వరసగా చదవక్కర్లేదు, ఎక్కడ తెరిచినా సరే.

సెలవులు ఉన్నాయి, ఒక కథలో మునిగిపోవాలి అంటే ఆర్డర్ ఆఫ్ ది స్టిక్. మొదటి పేజీ నుంచే చదవాలి. బొమ్మలు చూసి తక్కువ అంచనా వేశారో, తర్వాత నన్ను తిట్టుకుంటారు.

ఫోన్ అడ్డంగా తిప్పడం కూడా బద్ధకమే అంటే సోలో లెవెలింగ్. నచ్చితే, 2010లో మొదలైన 'టవర్ ఆఫ్ గాడ్'. అంతస్తుకో పరీక్ష ఉన్న గోపురం ఎక్కే కుర్రాడి కథ.

గేమ్స్ చరిత్ర మీద సరదా ఉంటే 'పెన్నీ ఆర్కేడ్'. 1998లో జెర్రీ హోల్కిన్స్, మైక్ క్రాహులిక్ మొదలుపెట్టారు. గేములు విడుదలైన వారమే వాటి మీద జోకులు పేల్చడం వీళ్ళ అలవాటు. బూతులు ఉంటాయి, ఇంట్లో పెద్ద స్క్రీన్ మీద పెట్టకండి. కానీ ఈ ఇద్దరే 2003లో 'చైల్డ్స్ ప్లే' అని మొదలుపెట్టి, ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకి బొమ్మలూ గేములూ అందేలా చేశారు. గేమర్లంటే దేనికీ పనికిరానివాళ్ళని ఇంట్లో ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.

గుండె ధైర్యం ఉంటే 'హోమ్‌స్టక్'. ఆండ్రూ హస్సీ 2009 ఏప్రిల్ 13న మొదలుపెట్టి సరిగ్గా ఏడేళ్ళకి అదే తేదీన ముగించాడు. నలుగురు స్నేహితులు ఒక గేమ్ ఇన్‌స్టాల్ చేస్తే లోకమే తలకిందులవుతుంది. 8,000 పేజీల పైన ఉంటుంది, మధ్యలో పాటలు, యానిమేషన్లు కూడా. దానికి సంగీతం చేసినవాళ్ళలో టోబీ ఫాక్స్ ఒకడు. ఆ కుర్రాడే 2015లో 'అండర్‌టేల్' గేమ్ చేశాడు.

ఇవన్నీ ఇంగ్లీషులోనే చదవాలి. అది కొంచెం వెలితే. బంటిగాడు తన కామిక్‌ని మాత్రం తెలుగులో, తెనాలి యాసలోనే రాస్తున్నాడు. హీరో ఇప్పుడు లెవెల్ 4. హెచ్‌పీ 61. "నూరు ఎప్పుడవుతుందిరా?" అంటే, "నూరు ఎవడికుంటుంది అక్కా?" అన్నాడు.

మీ స్క్వాడ్‌లో ఎవడి మైకైనా ఈమధ్య ఆగిపోయి ఉంటే, వాడికి ఈ కామిక్స్‌లో ఒకటి పంపండి. నవ్వుతాడు. నవ్వాడు కదా అని నాలాగా ఊరుకోకండి. ఎలా ఉన్నావురా అని కూడా అడగండి. "ఊఁ" అంటే ఇంకోసారి అడగండి.